డా ఖిన్ గారి తీపి ఉండలు

ఆదిశేషుని ఆటపట్టించి బతికి బట్టకట్టినవాడు కాలిఫోర్నియాలోని డబ్లిన్ ఊరు మొత్తంలో లేడు. పాతికేళ్ళ స్నేహితుడు గౌరీశంకర్ ఏదో పార్టీలో ఆయన బట్టతల మీద ఒక్క జోకు వేసిన పాపానికి, ఆ ఇంటి గడప ఆయన మళ్ళీ తొక్కలేదు. అలాంటి మహానుభావుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఫ్రీమాంట్‌కి కారు నడుపుతూ భార్య రాధారాణి ముక్కోటి దేవతలకూ మొక్కుకుంటోంది.

మొక్కుకోక ఏం చేస్తుంది? ఒక్కగానొక్క కూతురు ఉజ్వల తన ఆఫీసులో పనిచేసే మిన్ థూ అనే బర్మా అబ్బాయిని ఇష్టపడింది. రాధారాణికి అబ్బాయి నచ్చాడు. ఆదిశేషు మాత్రం అవుననడు, కాదనడు. ఈరోజు వాళ్ళ కొత్త సంవత్సరం పండగకు రమ్మని పిలిస్తే, "చూసి వచ్చేద్దాం. మాట మాత్రం ఇవ్వను" అని బయలుదేరాడు. ఈ పూట సవ్యంగా గడిస్తే సంబంధం నిలుస్తుంది, లేకపోతే లేదు.

అది చాలదన్నట్టు పొద్దున్నే ఉజ్వల ఫోన్ చేసి ఒక బాంబు పేల్చింది.

"అమ్మా, వాళ్ళు రైస్ బాల్స్ చేస్తారు, లోపల జాగరీ పెట్టి. ఫన్ కోసం కొన్నిట్లో చిల్లీ పెడతారు. ఎవరికి వస్తే వాళ్ళని ఫుల్‌గా టీజ్ చేస్తారు. అది వాళ్ళ కస్టమ్. నాన్నకి చెప్పకు, చెప్తే రారు."

"చెప్పకపోతే వస్తారే తల్లీ. వచ్చి, ఆ చిల్లీ ఆయన నోట్లోనే పడితే?"

"పడకుండా మిన్ చూస్తాడులే!"

ఉడికిన ఉండ కడుపులో ఏముందో దేవుడికే తెలియదు, మిన్ థూకి ఏం తెలుస్తుంది? నవ్వులపాలు కావడం కంటే నరకం మేలనుకునే మొగుడితో నలభై ఏళ్ళు కాపురం చేసిన రాధారాణికి ఆ హామీ మీద నమ్మకం కుదరలేదు.

మిన్ థూ వాళ్ళ పెరట్లో పెద్ద గుండిగలో నీళ్ళు మరుగుతున్నాయి. ఉజ్వలతో సహా పిల్లలంతా చుట్టూ చేరి, బియ్యప్పిండి ముద్దలో తాటిబెల్లం ముక్క పెట్టి, గుండ్రంగా చుట్టి, నీళ్ళలో వేస్తున్నారు. ఉడికినవి తమంతట తామే పైకి తేలుతున్నాయి. తనూ మధ్యమధ్య కొన్ని చుడుతూ, తేలినవి ఏరి, కొబ్బరికోరు చల్లి, గిన్నెల్లో వేసి అందరికీ ఇస్తున్నది మిన్ థూ నానమ్మ డా ఖిన్. 'డా' అంటే మన 'గారు' లాంటిదేనట, కాకపోతే వాళ్ళు ముందు తగిలిస్తారు. ఎనభై దాటిన మనిషి, కళ్ళల్లో మాత్రం అల్లరి పిల్ల.

"మన ఉండ్రాళ్ళే కదా" అన్నాడు ఆదిశేషు గిన్నె అందుకుని. కారెక్కిన దగ్గర్నుంచి ఆయన పలికిన మొదటి మంచి మాట అది. రాధారాణి ఊపిరి పీల్చుకుంది. మొదటి ఉండ తిన్నాడు, బాగుందన్నట్టు తలాడించాడు. రెండోది కొరికాడు.

చెవులు ఎర్రబడ్డాయి.

ఆ చెవులు ఎర్రబడితే తరువాత ఏం జరుగుతుందో రాధారాణికి తెలుసు. ఉప్మాలో పచ్చిమిర్చి ముక్క పంటికి తగిలితే పళ్ళెం పక్కకు నెట్టే మనిషి ఆయన. ఇక అయిపోయిందనుకుని ఆమె కారు తాళాల కోసం చేతిసంచి తడుముకుంది.

ఆదిశేషు నమిలాడు. మింగాడు. డా ఖిన్ వైపు తిరిగి, "వెరీ నైస్" అని నవ్వాడు. తరువాత భార్య చెవి దగ్గరికి వంగాడు.

"రాధా, పాపం పెద్దావిడకి చూపు ఆనడం లేదు. బెల్లం అనుకుని మిరపకాయ పెట్టేసింది. నువ్వు తినకు. పైకి అనకు కూడా. పండగపూట నలుగురిలో ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది."

రాధారాణి నోరు తెరిచేలోపే ఆమె గిన్నె లాక్కున్నాడు. "నాకు ఈ బెల్లం అంటే ప్రాణం" అని ఇంగ్లీషులో అందరికీ ప్రకటించి ఉజ్వల గిన్నె కూడా తన వైపు జరుపుకున్నాడు. ఆపైన బల్ల మీదున్న పెద్ద పళ్ళెమే ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంకెవరికీ అవి దక్కకూడదని పట్టుపట్టి మరీ తింటున్నాడు. కళ్ళల్లోంచి ధారగా నీళ్ళు. "పోలెన్... పోలెన్ ఎలర్జీ" అంటున్నాడు. కోనసీమ మర్యాద అంటే ఏమిటో ఫ్రీమాంట్‌లో ఎవరికి తెలుస్తుంది! రాధారాణికి మాత్రం పెళ్ళినాడు కూడా ఆయన మీద ఇంత ప్రేమ కలగలేదు.

కాసేపటికి డా ఖిన్ పళ్ళెం వైపు, అందరి మొహాల వైపు అనుమానంగా చూసి బర్మా భాషలో ఏదో అడిగింది. మిన్ థూ నీళ్ళు నమిలాడు. ఆవిడ ఊరుకోలేదు.

"అదీ... అంకుల్, నానమ్మ అడుగుతోంది. నాలుగు ఉండల్లో మిరపకాయ పెట్టిందట. ఒక్కరూ అరవలేదేమని."

ఆదిశేషు చెంచా కింద పెట్టాడు.

"కావాలనే పెట్టారా?"

ఉజ్వల తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక దాచి లాభం లేదని రాధారాణి లేచి నిలబడి, భర్త తన చెవిలో చెప్పిందంతా పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పేసింది. మిన్ థూ దాన్ని నానమ్మకు చెప్పాడు. వింటున్నకొద్దీ ఆవిడ కళ్ళల్లో అల్లరి పోయింది. కళ్ళు తుడుచుకుంటూ ఇంట్లోకి వెళ్ళింది.

తిరిగి వస్తూ పొడుగాటి గ్లాసు తెచ్చింది. చల్లటి కొబ్బరిపాలు, సగ్గుబియ్యం, రంగురంగుల జెల్లీ ముక్కలు, ఐసు. పైన ఒక తెల్ల బ్రెడ్ ముక్క.

"దీన్ని ష్వే యిన్ ఏ అంటాం. మంట తగ్గుతుంది అంకుల్" అన్నాడు మిన్ థూ భయంభయంగా.

ఆదిశేషు బ్రెడ్ ముక్కను చెంచాతో పొడిచి చూశాడు. "ఇదీ వేళాకోళమేనా?"

"కాదంకుల్, ఒట్టు! బ్రెడ్ నిజంగానే వేస్తాం."

ఆయన గ్లాసు ఎత్తాడు. సగం దాకా దించకుండా తాగాడు. నానిన బ్రెడ్ కూడా తిన్నాడు. మీసాలు తుడుచుకుని మిన్ థూ వైపు తిరిగాడు. మొహంలో నవ్వు లేదు.

"మీ నానమ్మని అడుగు. పెళ్ళికి మా వైపు నుంచి నాలుగు వందల మంది వస్తారు. ఎన్నింట్లో మిరపకాయ పెడుతుందో నాకు ముందే చెప్పాలి. మా వాళ్ళకి నేనే స్వయంగా వడ్డిస్తాను."

ఉజ్వల వెళ్ళి తండ్రి మెడ పట్టుకుని బావురుమంది. రాధారాణి చేతిలోని సంచి బల్ల కింద పెట్టేసింది. మిన్ థూ అనువాదం చేయడమే మరిచిపోయి నిలబడ్డాడు. ఏమన్నాడు, ఏమన్నాడని డా ఖిన్ మనవడి మోచెయ్యి గుంజుతూనే ఉంది.