మాడసామి పొట్టలో చప్పుడు

కాలింది చేతులూ, ఛాతీ. డాక్టరమ్మ మాత్రం వచ్చిన ప్రతిసారీ మా ఆయన పొట్ట మీదే గొట్టం పెట్టి వింటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమ్మా, కాలిన చోటు వదిలేసి బాగున్న చోట ఏం వెతుకుతున్నావు?" అని అడిగేశాను.

"చప్పుడు వెతుకుతున్నానక్కా. పేగులు కదలడం లేదు. నిన్న ముక్కు గొట్టంలో పాలేమీ పోయొద్దని గొడవ చేసింది మీరే కదా?"

"నేను కాదు, మా అత్త!"

మా ఆయన మాడసామి శివకాశి దగ్గర బాణసంచా కార్ఖానాలో మందు కలుపుతాడు. మొన్న ఆ గదే అంటుకుంది. అప్పటికి అతని చేతికి మారియమ్మ మొక్కు కోసం కట్టుకున్న పసుపుతాడు కంకణం ఉంది. జాతరలో నిప్పుల కుండ ఎత్తేదాకా నీచు ముట్టకూడదు. నిన్న ఈ ఆసుపత్రిలోనేమో ముక్కులోంచి గొట్టం వేసి, గుడ్డు గిలక్కొట్టిన పాలు పోస్తామన్నారు. అంతే, మా అత్త పేచ్చియమ్మాళ్ మంచానికి అడ్డంగా నిలబడింది.

"కంకణం కట్టుకున్నవాడికి గుడ్డా? మీ చేతులు పడిపోను! పొట్ట ఎలా ఉబ్బిపోయిందో చూడండి, దాన్నైనా కాసేపు వదిలెయ్యండి."

ఇంతకీ కంకణమేదీ? చేతులనిండా కట్లే. కాలిన బట్టలతోపాటు కత్తిరించి పారేశామంది నర్సు. మా అత్త మొహం పాలిపోయింది. "తెగిందంటే మొక్కు తీరినట్టా, చెడినట్టా? చెప్పవే!" అని నా మీద పడింది. నాకేం తెలుసు!

ఇవాళ డాక్టరమ్మ మా అత్తకు ఓపికగానే చెప్పింది. "ఒళ్ళు ఇంత కాలితే పేగులూ దెబ్బతింటాయి పెద్దమ్మా. ఖాళీగా ఉంచితే పేగు గోడ పలచబడుతుంది. లోపలి క్రిములు అది దాటి రక్తంలోకి పోతాయి. ఒళ్ళంతా వాచి, జ్వరం ముదురుతుంది. ఇవాళ కూడా పోయనివ్వకపోతే మనిషి దక్కడం కష్టం."

నిప్పు బయట తగిలితే పేగులకేమిటి? ఉబ్బిన పొట్టలో ఇంకా పోస్తే నయమవడమేమిటి? ఎవరి మాట నమ్మాలో తోచలేదు. అమ్మవారంటే నాకూ భయమే, అబద్ధమెందుకు. కానీ ఆయనే లేకపోతే ఆ మొక్కును నేనేం చేసుకోను?

"మీకు కొడుకు కావాలా, మొక్కు కావాలా?" అని అత్త మీద అరిచాను.

"రెండూ కావాలే, పిచ్చిమొహమా!" అని బావురుమంది. చాలాసేపు ఏడ్చి, ముక్కు చీది, నా మెడ వంక చూసింది. "నీ తాళి తాడులోంచి ఒక పోగు లాగి ఇవ్వవే."

ఎందుకో అర్థం కాకుండానే పసుపు పోగు ఒకటి లాగిచ్చాను. అత్త తన చెయ్యి చాపింది.

"కట్టు. వాడి మొక్కు నేను మోస్తాను, కుండ నేనెత్తుతాను. తల్లీ మారియమ్మా, వాడి జోలికి రాకు." తర్వాత నర్సు వైపు తిరిగింది. "పొయ్యమ్మా. ఆ గుడ్డుపాలే పొయ్యి."

నర్సు కొంచెం కొంచెంగా పోసింది. మర్నాడు డాక్టరమ్మ పొట్ట మీద గొట్టం పెట్టి విని, నవ్వి, దాన్ని తీసి మా అత్త చెవులకు తగిలించింది. అత్త బిక్కచచ్చిపోయి వింది.

"ఏదో గుడగుడమంటోంది... ఏమే, వాడికి ఆకలేస్తోందే!"

"బతుకుతాడా డాక్టరమ్మా?" అన్నాను.

"ఇప్పుడే చెప్పలేనక్కా," అని ఆమె గొట్టం కోసం చెయ్యి చాపింది. మా అత్త ఇవ్వనంటే ఇవ్వనంది.