సమానమైతే సరిపోదు

ఆ ఆదివారం పొద్దున్న దీపం వెలిగించాక దేవుణ్ణి ఏమడగాలో ఈశ్వరరావుకి తోచలేదు.

అడగాల్సింది నిజానికి ఒకటే. సాయంత్రం రగ్బీ ఆటలో తన జట్టు పుంగ్గోల్ క్రాబ్స్ గెలవాలి. కాని వాళ్ళు గెలవాలంటే తంజోంగ్ పగార్ మెరైనర్స్ ఓడాలి. ఆ క్లబ్బు మేనేజరు డెస్మండ్ కో కూడా ఈపాటికి తన ఇంట్లో అగరొత్తులు గుచ్చి దండం పెట్టుకుంటూనే ఉంటాడు. ఇద్దరి మొరా వినే చెవి ఒకటే అయితే, ఆ చెవి ఎటు వంగాలి? హౌగాంగ్ పేటలోని తన ఫ్లాట్‌లో, వంటింటి గోడకి బిగించిన చెక్క మందిరం ముందు, యాభై దాటిన ఆ స్కూలు బస్సు డ్రైవరు చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డాడు. చివరికి, "పిల్లలకి ఎముకలు విరగకుండా చూడు తండ్రీ" అన్నాడు.

వెనక నుంచి భార్య సీతాదేవి నవ్వింది. "అంతేనా? గెలిపించమనడానికి మొహమాటమా?"

"వాళ్ళూ అడుగుతారు కదే."

"వాళ్ళ సంగతి ఆయన చూసుకుంటాడు. అడగనిదే అమ్మయినా పెట్టదు. అయినా మీ క్లబ్బుకి ఆ పేరు పెట్టినప్పుడే చెప్పాను. బుట్టలో పీతలు! ఒకటి పైకెక్కితే పది కాళ్ళు పట్టుకు లాగుతాయి. పీతలు పైకెక్కడం ఎక్కడైనా చూశామా?"

"ఇవాళ చూద్దువుగాని" అన్నాడు ఈశ్వరరావు, కాస్త రోషంగానే.

క్రాబ్స్‌కి మేనేజరు ఆయనే, కోచ్ ఆయనే, నీళ్ళ డబ్బాలు మోసేదీ ఆయనే. కుర్రతనంలో స్కూలు జట్టుకి రగ్బీ ఆడాడు. ఆ రోజుల గుర్తుగా ముక్కు కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. క్లబ్బుకి సొంత గ్రౌండ్ లేదు. పుంగ్గోల్‌లో ఫ్లాట్ల బ్లాకుల మధ్య, ఎల్ఆర్‌టీ రైలు పట్టాల కింద ఉన్న పచ్చిక మీద సాధన. అక్కడ బంతాటలు ఆడరాదని బోర్డు ఉంది. పై అంతస్తు నుంచి ఎవరైనా కేకలేస్తే సారీ ఆంటీ అని ఇంకో బ్లాకు వెనక్కి పోతారు. అలాంటి క్లబ్బు ఆ ఏడాది రెండో డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది.

అంతమాత్రాన పైకి వెళ్ళిపోరు. రెండో డివిజన్‌లో మొదట నిలిచినవాళ్ళు, మొదటి డివిజన్‌లో అట్టడుగున మిగిలినవాళ్ళతో ఒక ఆట ఆడాలి. గెలిచినవాళ్ళు పైన, ఓడినవాళ్ళు కింద. స్కోరు సమానమైతే పైవాడు పైనే ఉంటాడు, కిందివాడు కిందే. ఈ నియమం ఈశ్వరరావుకి ఎప్పుడూ మింగుడుపడలేదు. ఇద్దరూ సమానమని తేలాక కూడా ఒకడే కింద ఎందుకుండాలి? లీగు వాళ్ళని ఒకసారి అడిగాడు కూడా. "మొదట్నించీ అంతే అంకుల్" అన్నారు. మొదట్నించీ అంతే అన్న మాట ఆయన గుళ్ళోనూ విన్నాడు, ఆఫీసుల్లోనూ విన్నాడు. ఎక్కడా దాని తరవాత ఇంకో మాట ఉండదు.

ఆటకి ముందు వారం డెస్మండ్ కో హౌగాంగ్ దాకా వచ్చి, కాఫీ షాపులో కూర్చోబెట్టి, పాలు లేని కాఫీ, కోపీ-ఓ, తెప్పించి, అక్కడి యాసలో మాట చివర లా, అహ్ తగిలిస్తూ మర్యాదగానే మాట్లాడాడు.

"రావ్, లిసన్ అహ్. మీ కుర్రాళ్ళు బాగా ఆడతారు, నో డౌట్. కానీ ఫస్ట్ డివిజన్ వేరే లా. పైకొచ్చి ప్రతివారం యాభై పాయింట్ల తేడాతో ఓడితే వాళ్ళ గుండె పగిలిపోతుంది. ఈ ఏడాది పైకి రామని లీగుకి చెప్పేయ్. ప్రతి ఆదివారం పొద్దున్న సాధనకి మా గ్రౌండ్ మీకే. టాయిలెట్, షవర్, అన్నీ. ఎవ్రీబడీ హ్యాపీ."

ఈశ్వరరావు కోపీ చల్లార్చుకుంటూ మెల్లగా అడిగాడు. "మేము అంత చేతకానివాళ్ళమైతే మాతో ఆడడానికి మీకు భయం దేనికి?"

డెస్మండ్ నవ్వేశాడు. ఈశ్వరరావు లేచి దండం పెట్టి వచ్చేశాడు. ఈ సంగతి చెప్పగానే కెప్టెన్ వివేక్ బూటు తీసి గోడకేసి కొట్టాడు. వివేక్ ఈశ్వరరావు అక్క కొడుకు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. "షవర్ చూపించి కొనేద్దామనుకున్నాడా? వాట్ ది హెల్, మావయ్యా! నేను మా ఇంట్లో స్నానం చేస్తాను లా!"

జట్టులో ఇంకొకడి గురించి చెప్పాలి. వాడి పేరు ఉపేంద్ర. శ్రీకాకుళం జిల్లా కుర్రాడు, షిప్‌యార్డులో వెల్డింగ్ పని. ఆదివారాలు గుళ్ళో అన్నదానంలో ఈశ్వరరావు వడ్డిస్తూ ఉంటే పరిచయమయ్యాడు. ఒకరోజు డార్మిటరీ దగ్గర ఖాళీ స్థలంలో పనివాళ్ళు కబడ్డీ ఆడుతుంటే ఈశ్వరరావు నిలబడి చూశాడు. కూతకి వచ్చినవాడి మడమని ఉపేంద్ర ఒక్క చేత్తో అందుకున్నాడు. ఆ మనిషి ఈడ్చుకుంటూ గీత దాకా పోయాడు గాని గీత దాటలేకపోయాడు. ఆ పట్టు చూసి ఈశ్వరరావు రెండు రోజులు నిద్రలో కూడా రగ్బీయే ఆడాడు. మూడో ఆదివారానికి ఉపేంద్ర క్రాబ్స్ చొక్కా వేసుకున్నాడు.

వాడు పట్టిన మనిషి పడకుండా ఉండడు. చిక్కల్లా ఆ తరవాతే. కబడ్డీలో పట్టినవాణ్ణి వదిలితే పరువు పోతుంది. రగ్బీలో పట్టి పడేశాక వెంటనే వదిలేయాలి. పడినవాడు కూడా చేతిలోని బంతిని వదలాలి. అప్పుడు కాళ్ళ మీద నిలబడి ఉన్నవాడికే ఆ బంతి అందుకునే హక్కు. వదలనివాడి మీద రిఫరీ ఈల వేస్తాడు. అవతలివాళ్ళు బంతిని స్తంభాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు పట్టుకుపోతారు. రెండో డివిజన్‌లో అంత బాగా తన్నేవాళ్ళు లేరు కాబట్టి ఉపేంద్ర పట్టు గడిచిపోయింది. మెరైనర్స్‌లో ఉన్నారు.

ఆట మొదలైన కాసేపటికే అది తేలింది. ఉపేంద్ర వాళ్ళ మనిషిని పడేశాడు, గట్టు మీద షిప్‌యార్డు స్నేహితులంతా ఈలలు వేశారు. రిఫరీ కూడా వేశాడు. మూడు పాయింట్లు. ఇంకోసారి అలాగే. మరోసారి అలాగే. మధ్యలో వివేక్ ఒకసారి దూసుకుపోయి గీత అవతల బంతి మోపి ఐదు పాయింట్లు తేవడం, మలయ్ కుర్రాడు హాఫిజ్ దాని మీద తన్నినది కూడా స్తంభాల మధ్య పడి ఇంకో రెండు రావడం వల్ల క్రాబ్స్ పరువు నిలిచింది. విరామానికి మెరైనర్స్ తొమ్మిది, క్రాబ్స్ ఏడు. ఆ తొమ్మిదీ ఉపేంద్ర చేతులు ఇచ్చినవే.

"మావయ్యా, వాణ్ణి దింపేయ్" అన్నాడు వివేక్, మూతి మీది రక్తం తుడుచుకుంటూ. "త్రీ పెనాల్టీస్ ఆల్రెడీ. ఐ టోల్డ్ హిమ్ టెన్ టైమ్స్, లెట్ గో, లెట్ గో. వింటే కదా!"

ఉపేంద్ర తల దించుకుని గడ్డి పీకుతున్నాడు. "ఇంటన్నానన్నా. బుర్రకెక్కింది. సేతులకే ఎక్కట్లేదు." ఈశ్వరరావు వైపు తిరిగాడు. "అంకుల్, సిన్నప్పట్నించీ పట్టీడమే నేర్పినారు. ఒగ్గీడం ఎవులూ నేర్పలేదు. నన్ను దింపీయండి. నావల్ల అందరి కష్టం పోతంది."

దింపడం తేలిక. బెంచీ మీద ఇంకొకడు ఉన్నాడు. కాని రెండో సగంలో ఆ లావుపాటి మెరైనర్స్‌ని ఆపేది ఎవరు? అదీ కాక, ఒక మనిషికి ఉన్న ఒకే ఒక్క విద్యని తప్పు అని చెప్పి కూర్చోబెడితే, ఆ తరవాత వాడు దేని మీద నిలబడతాడు? ఈశ్వరరావు వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఒరే, కూతకెళ్ళినవాడు ఏం చేస్తాడు?"

"తాకి తిరిగొచ్చీస్తాడండి."

"అక్కడే ఉండిపోతే?"

"ఊపిరాగిపోద్ది. అవుటు."

"ఇన్నాళ్ళూ నేనే నీకు తప్పు చెప్పాను. నువ్వు ఇక్కడ పట్టేవాడివి కావు. కూతకెళ్ళినవాడివి. వాణ్ణి పడగొట్టడమే నీ తాకుడు. నీ కాళ్ళ మీద నువ్వు లేచి నిలబడ్డమే నీ గీత. ఊపిరి ఆగేలోపల గీత మీదికి వచ్చేయాలి. వచ్చాక అక్కడ బంతి ఉంటే, అది నీది."

ఉపేంద్ర తలెత్తాడు. "కూత పెట్టొచ్చా అంకుల్?"

"పెట్టు. పెట్టకూడదని రూలేం లేదు."

"మావయ్యా, సీరియస్లీ?" అన్నాడు వివేక్.

"సీరియస్లీ."

రెండో సగంలో ఆ మైదానం మీద అంతకుముందు ఎవరూ వినని చప్పుడు మొదలైంది. ఉపేంద్ర "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ వచ్చి మనిషి నడుం చుట్టుకుని పడేస్తాడు, కూత తెగకుండానే వదిలి లేచి నిలబడతాడు. మొదటిసారి కొంచెం ఆలస్యమైంది. రిఫరీ ఈల నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. రెండోసారికి చేతులకి ఎక్కింది.

"వాట్ హీ సేయింగ్ అహ్? బ్లాక్ మ్యాజిక్?" అని అరిచాడు మెరైనర్స్ కుర్రాడొకడు.

"నువ్వు ఎన్నిసార్లు పడ్డావో లెక్కపెడుతున్నాడు లా!" అన్నాడు వివేక్.

క్రాబ్స్ ఇంకోసారి బంతిని గీత దాటించారు, దాని మీద తన్నినది మాత్రం పక్కకి పోయింది. పన్నెండు, తొమ్మిది. సీతాదేవి మాట గుర్తొచ్చి ఈశ్వరరావు లోలోపల మురిశాడు, వెంటనే లెంపలేసుకున్నాడు. మంచిపనే చేశాడు, ఎందుకంటే కాసేపటికే హాఫిజ్ చేసిన పొరపాటుకి మెరైనర్స్ మళ్ళీ స్తంభాల మధ్య నుంచి తన్నారు. పన్నెండు, పన్నెండు.

ఇక కొద్ది నిమిషాలే ఉన్నాయి. బంతి మెరైనర్స్ దగ్గరే ఉంది. వాళ్ళు ముందుకి రావడం మానేశారు. ఒకడు బంతి తీసుకుని రెండడుగులు వేసి పడతాడు, వెనకవాడు తీసుకుంటాడు, వాడూ పడతాడు. గెలవాల్సిన అవసరం వాళ్ళకి లేదు. ఇలా కాలం కరగబెడితే చాలు, సమానం. సమానమైతే వాళ్ళు పైన. డెస్మండ్ గట్టున నిలబడి, "హోల్డ్, హోల్డ్, సేఫ్ సేఫ్!" అని అరుస్తున్నాడు.

ఈశ్వరరావుకి ఒళ్ళు మండింది. దేవుడి మీద కాదు, డెస్మండ్ మీద కూడా కాదు. ఆడకుండా పట్టుకు కూర్చుంటే చాలు అన్న ఆ ధీమా మీద. పొద్దున్న అడగలేని కోరిక ఇప్పుడు తన్నుకుంటూ వచ్చింది. "స్వామీ, మొహమాటం లేదు. మా చేతికి బంతి ఇప్పించు. తరవాత సంగతి మేం చూసుకుంటాం."

వాళ్ళ లావుపాటి ముందువరసవాడు బంతిని పొట్టకి హత్తుకుని తల వంచాడు. ఎదురుగా కూత వినబడింది. ఉపేంద్ర వాడి మోకాళ్ళ మీద పడ్డాడు. ఇద్దరూ కూలారు. గట్టు మీద షిప్‌యార్డు జనమంతా ఒక్కసారి లేచారు.

"ఒగ్గీ! ఒరే, ఒగ్గీరా!"

ఉపేంద్ర వదిలాడు. రెండు అరచేతులూ రిఫరీకి కనబడేలా పైకి చూపించి లేచాడు. కాళ్ళు ఎడంగా వేసి నిలబడి, అప్పుడు వంగి, కింద పడ్డవాడి పొట్ట దగ్గరున్న బంతి మీద చేతులు వేశాడు. కూత ఇంకా తెగలేదు. ముగ్గురు మెరైనర్స్ వచ్చి వాణ్ణి గుద్దారు, వాడు కదలలేదు. కింద ఉన్నవాడు బంతిని వదలాలి. వదలలేదు. వదిలితే పోతుందని ఇంకా గట్టిగా కరుచుకున్నాడు.

ఈల మోగింది. రిఫరీ చేయి క్రాబ్స్ వైపు చూపించింది.

"వదల్లేదు! వాడు వదల్లేదు!" ఈశ్వరరావు నీళ్ళ డబ్బా తన్నేసుకుంటూ గంతేశాడు. డెస్మండ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

దూరం మరీ ఎక్కువ కాదు, కాని వాలుగా ఉంది. హాఫిజ్ కళ్ళు మూసుకుని ఏదో చదువుకున్నాడు. ఏమి చదువుకుంటే ఏం, అది చేరేది ఒకచోటికే అనుకున్నాడు ఈశ్వరరావు. బంతి లేచింది, ఎడమ స్తంభం లోపలి అంచుకి తగిలింది, తగిలి లోపలికే పడింది. పదిహేను, పన్నెండు. మళ్ళీ బంతి ఆటలోకి రాగానే వివేక్ దాన్ని అందుకుని బయటికి తన్నేశాడు. గడువు దాటాక బంతి బయట పడితే ఆట అయిపోయినట్టే.

ఏం జరిగిందో ఉపేంద్రకి వెంటనే అర్థం కాలేదు. స్నేహితులు భుజాల మీదికి ఎత్తుకుంటుంటే, "మళ్ళీ పెనాల్టీ ఎవులిదండి? నాదేనా?" అని అడుగుతున్నాడు.

డెస్మండ్ వచ్చి చేయి కలిపాడు. మనిషి మర్యాదస్తుడే. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఈశ్వరరావు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. సారీ అందామనుకుని మానేశాడు. చేయని తప్పుకి సారీ చెబితే అది డెస్మండ్‌ని కూడా తక్కువ చేసినట్టే.

వెనకాలే లీగు తరఫున వచ్చిన పెద్దమనిషి గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. "కంగ్రాట్స్ అంకుల్. బట్ థింక్ ఫస్ట్, హాన్? ఫస్ట్ డివిజన్ ఆటలన్నీ శనివారం. మీ షిప్‌యార్డ్ వర్కర్ రాగలడా? వాడు లేకపోతే వారం వారం తన్నులు తింటారు. ఇప్పుడైనా వద్దనొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు."

"తింటాం" అన్నాడు ఈశ్వరరావు.

"వాట్?"

"తన్నులు తింటే పైకొచ్చే తింటాం. కింద కూర్చుని దాచుకోం. మా పేరు పైన రాసుకోండి."

ఆ పెద్దమనిషి భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. ఈశ్వరరావు కేకేశాడు. "ఉపేంద్రా! మీ సూపర్‌వైజరు పేరేమిట్రా?"

"ఎందుకండి?" భుజాల మీంచి దిగుతూ అడిగాడు ఉపేంద్ర.

"శనివారాలు సెలవడగాలి."

"ఇవ్వడండి అంకుల్. శానా కష్టమైన మనిషి."

"ఇవ్వనన్న మాట నా మొహం చూసి చెప్పనీ. రేపు స్కూలు ట్రిప్పు అయ్యాక మీ యార్డు గేటు దగ్గర ఉంటాను. వివేక్‌ని కూడా తెస్తాను, ఆ మూతి వాపుతోనే." ఈశ్వరరావు దొర్లిపోయిన నీళ్ళ డబ్బా ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. "ముందు బూట్లు కడుక్కో. రేపటి నించే కొత్త సాధన."