పొడుగు కిరీటం కాణీ

హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు, విజయనగరంలో జగదీశ్వరికీ ఆమె బావగారు త్యాగరాజు గారికీ ఒక చిల్లు కాణీ దగ్గర పంతం వచ్చింది.

ఇద్దరికీ పాత నాణేల పిచ్చే. సంగీతం మాస్టారైన ఆయన ముందు వాటా, ఆమె మధ్య వాటా. యుద్ధకాలపు చిల్లు కాణీల మీద కిరీటం ఒక అచ్చులో చదునుగా ఉంటుంది, మరో అచ్చులో పైకి లేచి ఉంటుంది. చదునువి ఇద్దరి పెట్టెల్లోనూ దండిగా ఉన్నాయి. పొడుగుది ఎవరికీ లేదు. ఆదివారం శ్రీకాకుళంలో నాణేల ప్రదర్శన, ఇంటికి ఒక్కటే బల్ల.

"జత ఎవరికి పూర్తయితే వాళ్ళ పెట్టె పెడదాం," అన్నారు బావగారు, నీకెక్కడ దొరుకుతుందిలే అన్నట్టు.

శుక్రవారం, వెనక వాటాలో అద్దెకున్నవాళ్ళకి చేపలిచ్చే అసిరమ్మ మనవణ్ణి చంకనేసుకొచ్చింది. వాడి మొలతాడుకి కాణీ. జగదీశ్వరి ఒక్క చూపులో పోల్చుకుంది. పొడుగుదే.

"ఇస్తావా అసిరమ్మా? బదులు ఇంకోటి కడతాను."

"మొలతాడు కాణీ ఇస్తారేటమ్మా? మాయత్త పోతా పోతా కట్టినాది. కట్టినోళ్ళే ఇప్పాల. పైకెళ్ళి ఆయమ్మనడుగు."

"మరి ఎప్పటికీ విప్పరా?"

"దిష్టి తగిల్తే ఇప్పుతాం. ఉప్పూ మిరపకాయల్తో తిప్పీసి మూడు దార్ల కాడ పారేత్తాం. ఇంక మాం అటేపు సూడం."

జగదీశ్వరి తిన్నగా ముందు వాటాకి వెళ్ళింది.

"బావగారూ, పెరట్లో పొడుగు కిరీటం ఉన్నట్టుంది. నా చూపు ఆనడం లేదు. మీరు చూసి చెప్పాలి."

ఆయన పాఠం మధ్యలోనే లేచి వచ్చారు. చేపల తట్టని చూసి ఉత్తరీయంతో ముక్కు మూసుకున్నారు. పిల్లవాడి బొడ్డు ముందు చతికిలబడి, భూతద్దం కంటికి ఆనించారు.

"ఎంత నిండుగా ఉందమ్మా. ఏమి నిగారింపు. ఇంత చక్కటిది నేనింతవరకూ చూడలేదు."

అద్దంలోంచి ఆయన కన్ను వాడికి ఎంత కనపడిందో ఏమో, పిల్లవాడు గుక్కపట్టాడు.

"లెగు బాబూ లెగు," అంది అసిరమ్మ. "ఆ కన్నేటి, ఆ మాటలేటి."

"నేనన్నది కాణీనమ్మా."

"కాణీ ఎవలి ఒంటి మీదున్నాది?"

అసిరమ్మ ముడి విప్పి, ఉప్పు కోసం ఇటు తిరిగేసరికి జగదీశ్వరి గుప్పెడు కళ్ళుప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని సిద్ధంగా ఉంది. అసిరమ్మ ఆమె మొహంలోకి ఓసారి చూసి అందుకుంది. వాడికి దిష్టి తీసి, కాణీతో సహా వీధి చివర మూడు దారుల దగ్గర పారేసి, వెనక్కి చూడకుండా వచ్చి కాళ్ళు కడుక్కుంది.

జగదీశ్వరి కొత్త నల్లతాడుకి చదును కాణీ గుచ్చి వాడి మొలకి కట్టి, వీధి చివరికి పరుగెత్తింది. బావగారు అప్పటికే అక్కడున్నారు. పంచె కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, కాణీకి బారెడు దూరంలో.

"తొక్కేవు, దిష్టి తీసింది," అన్నారు.

"మీ దిష్టే కదండీ. మీకేం పట్టదు, తీసుకోండి."

ఆయనకది సబబుగానే తోచింది. వంగారు. చెయ్యి చాచారు. మిరపకాయ దాకా వెళ్ళి వెనక్కి తీసుకున్నారు.

"సొంత దిష్టి తిరిగి తగిలితే రెట్టింపంటారేమో."

ఆయన తేల్చుకునేలోగా ఉప్పు రాగిని తినేస్తుంది. జగదీశ్వరి వంగి కాణీని తీసి, తుడవకుండా కాగితంలో మడిచింది.

ఆదివారం బల్ల మీద ఆమె పెట్టె పెట్టారు. పక్కనే బావగారు, చేతులు వెనక్కి కట్టుకుని, వచ్చినవాళ్ళకల్లా పొడుగు కిరీటాన్ని వర్ణిస్తున్నారు.

"దీన్ని గుర్తుపట్టింది ఎవరండీ?" అనడిగారెవరో.

"నేనే చూసి చెప్పాను," అన్నారాయన.

"అవునండీ," అంది జగదీశ్వరి. "ఆయన చూడబట్టే దొరికింది."