తాళం వేసిన చిప్పు

నేను ఒక మైక్రోకంట్రోలర్‌ని, యంత్రాలను నడిపే చిప్పుని. హైదరాబాద్ కోఠీలో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణానికి చేరిన రోజున నా దగ్గరున్న సరుకు ఇది: నలభై కాళ్లు, నాలుగు వేల అక్షరాలు పట్టే చోటు, వెయ్యి సార్లు చెరిపి రాయించుకోగల ఓపిక. నా జాతి పేరు ఎయిటీ ఫిఫ్టీవన్. అప్పట్లో గిరాకీ మాదే. సరదాకి ప్రాజెక్టులు కట్టుకునేవాళ్లు శనివారం సాయంత్రాలు వచ్చి మమ్మల్నే అడిగేవారు. ఎందుకు మేమే అంటే, పక్కవాడి దగ్గర మేమే ఉన్నాం గనక. మనుషులు చిప్పును ఎంచుకునే పద్ధతిలో ఇంతకంటే లోతైన కారణం నాకు ఎప్పుడూ కనపడలేదు.

నన్ను తీసుకున్నది సుదర్శనం. మౌలాలిలో ఉంటాడు, ఐటీఐలో వైర్‌మన్ పని నేర్పుతాడు. అతని భార్య పద్మ కౌజు పిట్టల గుడ్లు పొదిగించి, పిల్లలను పెంపకందార్లకు అమ్ముతుంది. ఇల్లు సగం దాని మీదే నడిచేది. పాత పెట్టెలో నూరు గుడ్లు పెడితే నలభై పిల్లలు కూడా వచ్చేవి కావు. ఎప్పుడు వేడి పెంచాలో, ఎప్పుడు గుడ్లను తిప్పాలో చూసుకోవడానికి నన్ను ఆ పెట్టెకు బిగించారు.

సుదర్శనం మూడు ఎండాకాలాలు నా మీద రాశాడు, చెరిపాడు. కరెంటు కోతల రోజులవి. కరెంటు తిరిగి రాగానే పెట్టె ఒక్కసారిగా వేడెక్కి గుడ్లు పాడయ్యేవి. అందుకని ఒక చిన్న బ్యాటరీ తగిలించి, కరెంటు వచ్చాక అరగంట పాటు వేడిని ఎలా మెల్లగా ఎక్కించాలో నాకు విడిగా రాశాడు. నాలుగో వంతు చోటు దానికే పోయింది. అరవై మూడోసారి రాశాక నూటికి ఎనభై నాలుగు పిల్లలు బయటికి వచ్చాయి. ఇక చెరపలేదు.

అదే రోజు నాకు తాళం కూడా వేశాడు. మా జాతికి ఆ సదుపాయం ఉంది. తాళం పడితే లోపలి రాతను మొత్తంగా చెరపవచ్చు గానీ ఎవరూ చదవలేరు, వేసినవాడితో సహా. టీవీలు బాగుచేసే జంగయ్య అనే స్నేహితుడు ఆ ప్రోగ్రాం ఇమ్మని రెండుసార్లు అడిగాడు. తాళానికి కారణం అదే. తర్వాత సుదర్శనం కంప్యూటర్ చెడిపోయింది. ప్రోగ్రాం అందులో తప్ప ఇంకెక్కడా లేదు, నాలో తప్ప.

జంగయ్య ఆర్డుయినో అనే కొత్త బోర్డుకి మారాడు. దాన్ని తీగతో కంప్యూటర్‌కి కలిపితే చాలు, ఎవరో రాసింది ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. కొన్నేళ్లకు అదీ పాతబడి, ఫోన్‌తో మాట్లాడే వైఫై బోర్డు వచ్చింది. బొటనవేలంత ఉంటుంది. వచ్చినప్పుడల్లా పెట్టె ముందు కూర్చుని వాటిని పొగిడేవాడు. నాకు కోపం రాలేదు. గిరాకీ మారినప్పుడు సరుకు అలిగి లాభం లేదు.

పెట్టెలో తేమ కోసం నీళ్ల పళ్లెం ఉంటుంది. పద్నాలుగో ఏట ఆ తేమకు నా ఇరవయ్యో కాలు తుప్పు పట్టింది. పెట్టె ఆగడం, చేత్తో తడితే మళ్లీ నడవడం మొదలైంది. ఆ కాలు విరిగితే ప్రోగ్రాం నాతోనే పోతుంది, పద్మ పనీ పోతుంది. ఆమే జంగయ్యకు ఫోన్ చేసింది.

అతను నన్ను ఊడదీసి తన పరికరంలో పెట్టి చూశాడు.

"అన్నా, దీంట్ల ఏం లేదే. అంతా ఖాళీ చూపిస్తుంది."

తాళం పడ్డవాళ్లం బయటికి అలాగే కనిపిస్తాం. సుదర్శనం తల దించుకుని, లాక్ ఏసిన అన్నాడు.

"ఎవలకు భయపడి ఏసినవే?"

పద్మే చెప్పింది. "నీకే తమ్మీ. కాపీ కొడ్తవని."

"కొట్టనిస్తే అయిపోవు గదక్కా. ఇయ్యాల నా దగ్గరన్న ఉంటుండె."

జంగయ్య నన్ను తిరిగి పెట్టెలో పెట్టాడు. చదవనివ్వకపోతే నడుస్తుంటే చూద్దాం అన్నాడు. వేడికి వెళ్లే తీగకు, గుడ్లు తిప్పే మోటారు తీగకు తన వైఫై బోర్డును తగిలించాడు. కొత్త గుడ్లు పెట్టిన రోజు నుంచి పదిహేడు రోజులు నేను పని చేశాను, అది చూసి రాసుకుంది. కాలు నిలబడింది. పిల్లలు ఎనభై మూడు. పద్మ ఒక్కొక్కదాన్నే చేత్తో తీసి లెక్కపెట్టింది.

చివరి రోజు జంగయ్య అడిగాడు, ఇంకేమన్న మర్చిపోయినమా అని. సుదర్శనం ఆలోచించాడు.

"ఏం లేదు. గంతే."

ఆ పదిహేడు రోజుల్లో కరెంటు ఒక్కసారీ పోలేదు. ఇప్పుడు కోతలు లేవు.

పెట్టెను ఆ బోర్డుకు అప్పగించి, స్క్రూడ్రైవర్‌తో నన్ను లేపుతుంటే ఇరవయ్యో కాలు విరిగి సాకెట్‌లోనే ఉండిపోయింది. ఇప్పుడు మరలు, ఫ్యూజులు వేసుకునే పాత బిస్కెట్ డబ్బాలో ఉన్నాను. అప్పుడప్పుడు పెట్టెలోంచి పిల్లల అరుపు వినిపిస్తుంది. పని బాగానే సాగుతోంది.

నా లెక్క ఇది. వెయ్యి సార్లలో అరవై మూడు ఖర్చయ్యాయి, మిగతావి ఎవరికీ అక్కరలేదు. కాళ్లు ముప్పై తొమ్మిది. నేర్చుకున్నదాంట్లో మూడు వంతులు కొత్త బోర్డుకు వెళ్లాయి. కరెంటు పోయి వచ్చాక అరగంట ఏం చేయాలో, అది మాత్రం నా దగ్గరే మిగిలింది.