ఒకే తలంలో

నేను ఒక బ్రెయిలీ పలకను. చెక్క ఒళ్లు, దాని మీద పైకీ కిందికీ జరిగే ఇత్తడి పట్టీ, పట్టీ నిండా చిన్న చిన్న గళ్లు. కాగితం నా మీద బిగించి, ఆ గళ్లలో ఇనప మొనతో పొడిస్తే అక్షరాలు వెనకవైపు బుడిపెలై తేలతాయి. వేళ్లతో తడిమి చదువుకుంటారు. నన్ను చేసిన వడ్రంగికి ఇదేదీ తెలియదు. ఏదో ఆటబల్ల అనుకుని అంచులు నున్నగా చిత్రిక పట్టాడు.

అంధ బాలికల పాఠశాలలో నా మొదటి యజమానురాలు నా మీద ఇంటికి ఉత్తరాలు రాసింది. రెండో ఆవిడ హాస్టల్ సాంబారు మీద ఫిర్యాదులు రాసింది. ఆ తర్వాత పైడితల్లి చేతికొచ్చాను.

పైడితల్లి పదో తరగతి. ఆ బడి పిల్లలు పరీక్షలో లెక్కలు వదిలేసి వేరే సబ్జెక్టు తీసుకోవడం ఆనవాయితీ. ఈ పిల్ల మాత్రం లెక్కలే రాస్తానంది. లెక్కల టీచరు కావాలని దాని పట్టుదల.

"రేఖాగణితంలో బొమ్మలు ఎలా చూస్తావే?" అంది హెడ్మిస్ట్రెస్ కరుణమ్మ.

"చూడనండి. చెప్తాను."

కరుణమ్మ ఒక షరతు పెట్టింది. పరీక్ష దరఖాస్తుకు ఆఖరి రోజు రెండు నెలల తర్వాత వచ్చే ఒక శనివారం. నాలుగింటికి పోస్టాఫీసు మూసేస్తారు. ఆరోజు ఊళ్లోని హైస్కూలు నుంచి లెక్కలు చెప్పే ఇమ్మానుయేలు మాస్టారు వచ్చి నిర్వచనాలు అడుగుతారు. ఆయన సరేనంటేనే దరఖాస్తు మీద తన సంతకం.

ఆ రెండు నెలలూ నిర్వచనాలు రాస్తూ పైడితల్లి నన్ను నిద్రపోనివ్వలేదు. ఒక్క మాట మారినా కాగితం మొత్తం మళ్లీ పొడవాల్సిందే.

శనివారం మాస్టారు వచ్చేసరికి మూడయింది. గొంతు పెంచని మనిషి, మెచ్చుకోని మనిషి. త్రిభుజం అడిగారు.

"ఒకే సరళరేఖ మీద లేని మూడు బిందువులను రెండేసి చొప్పున కలిపే మూడు రేఖాఖండాల పటమండి."

"ఊఁ. సమాంతర రేఖలు?"

"ఎంత పొడిగించినా కలవని రెండు సరళరేఖలండి."

మాస్టారు ఒక పెన్సిలు బల్ల మీద పెట్టారు. ఇంకోటి దానికి జానెడు ఎత్తున, వేరే దిక్కుకు తిరిగి ఉండేలా గాల్లో పట్టుకుని, పైడితల్లి చేతులు రెండిటికీ తగిలించారు.

"పొడిగిస్తే కలుస్తాయా?"

"కలవవండి."

"సమాంతరమేనా?"

దాని వేళ్లు కింది పెన్సిలు నుంచి పైదానికి, పైనుంచి కిందికి తిరిగాయి.

"కాదండి."

"నీ నిర్వచనం అవునంటోందే."

కరుణమ్మ పెన్ను మూత బిగించిన చప్పుడు వినిపించింది. మూడుంపావు దాటింది.

"అవి అలాగే ఉంచండి మాస్టారూ," అని నన్ను చేతిలోకి తీసుకుంది. నా చదునైన వీపును రెండు పెన్సిళ్లకూ పొడుగునా ఆనించబోయింది. ఒకదానికి ఆనితే రెండోదానికి దూరమయ్యాను. ఎటు వంచినా అంతే. దాని చెమటకు నా చెక్క తడిసింది.

"ఒకే తలంలో ఉండాలండి," అంది మెల్లగా. "ఒకే తలంలో ఉండి, ఎంత పొడిగించినా కలవని రెండు సరళరేఖలు."

"అంతేనా?"

అవునంటే అయిపోయేది. పైడితల్లి తన కాగితాల్లోంచి ఒకటి తడిమి తీసింది.

"కాదండి. వృత్తం కూడా తప్పు రాశాను. ఒక బిందువుకు సమాన దూరంలో ఉన్న బిందువులన్నీ అన్నాను. అలా అంటే బంతి కూడా వచ్చేస్తుంది."

ఆయన అడగని ప్రశ్న అది. అంతసేపూ నిలబడే ఉన్న మాస్టారు కుర్చీలో కూర్చున్నారు.

"పుస్తకంలో పక్కనే బొమ్మ ఉంటుందమ్మా. బొమ్మెలాగూ కాగితం మీదే ఉంటుంది కదా అని 'ఒకే తలంలో' అన్న మాట చెప్పించడం ఎప్పుడో మానేశాను," అన్నారు. తర్వాత కరుణమ్మ వైపు తిరిగి, "సంతకం పెట్టండి మేడమ్."

అప్పటికి నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. కరుణమ్మ సంతకం పెట్టి, కవరు తానే పట్టుకుని, ఒక చెప్పు సరిగా తొడుక్కోకుండానే పోస్టాఫీసుకు పరుగెత్తింది. దరఖాస్తు వేళకు అందింది.

పైడితల్లి లెక్కల్లో పాసైంది. పై చదువులు చదివి ఆ బడికే లెక్కల టీచరుగా వచ్చింది. నా పట్టీ కీలు విరిగిపోయి తరగతి గది బీరువాలో చేరాను. తలుపు సరిగా పడదు గనుక అన్నీ వినిపిస్తాయి. ఇప్పుడే ఒక పిల్ల లేచి కోణానికి నిర్వచనం మొదలెట్టింది. "ఒకే బిందువు నుంచి బయల్దేరే రెండు..." అని ఆగిపోయింది. ఎవరూ అందించడం లేదు. పైడితల్లి కూడా.

పిల్ల ఆలోచిస్తోంది.