పెంటమ్మ పెట్టిన అతుకు

కంపెనీకి పంపిన ఆరు చీరలూ తిరిగొచ్చాయి. ప్రతి చీరకూ కొంగు మొదలయ్యే చోట ఓ ఎర్ర స్టిక్కరు. పెంటమ్మకు చదువు రాదు గానీ, ఎర్ర రంగు మంచి మాట చెప్పదని మాత్రం తెలుసు.

"ఏమంటుండ్రు బిడ్డా?"

వైష్ణవి ఒక స్టిక్కరు మీది రాత చదివింది. గద్వాలలో నేత ఆడవాళ్లను సంఘంగా కూడగట్టి, హైదరాబాదు బట్టల కంపెనీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఏడాది ఒప్పందం కుదిర్చింది ఆ పిల్ల పనిచేసే స్వచ్ఛంద సంస్థే.

"కొంగు కాడ అతుకు కనబడుతుందట పెద్దమ్మా. లోపమట. గిట్లనే ఉంటే ఒప్పందం వద్దంటుండ్రు."

లోపమట! పెంటమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, కొంగు పట్టు. నూలు పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయిన చోట పట్టు పడుగును పోగుకు పోగు కలిపి మెలిపెట్టాలి. ఒకటా రెండా, వేల పోగులు! మగ్గం మీద నేసేది మొగుడు కురుమూర్తి, చీరకు కట్టే కార్డు మీద పేరూ ఆయనదే. అతుకు మాత్రం ఈమెది. ముప్పై ఏళ్లలో ఒక్క పోగు ఊడిందని ఎవరూ గుమ్మం తొక్కలేదు.

"ఆ కంపెనీ సారును ఒక్కపారి ఇంటికి రమ్మను. జగడం పెట్టుకోను తియ్యి, చాయ్ పోస్త."

ఆ వారమే కంపెనీ తరఫున రంజిత్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో భూతద్దం. పెంటమ్మ చాయ్ ఇచ్చి, మగ్గం ముందు కూర్చోబెట్టి, పోగు జారకుండా అతని వేళ్లకు ఇంత బూడిద రాసింది.

"నూలుదొకటి, పట్టుదొకటి. పట్టుకొని మెలిపెట్టు. గంతే సారూ."

"ఇంతేనా అమ్మా!" అన్నాడు రంజిత్.

మొదటి పోగు జారిపోయింది. రెండోది తెగింది. చాయ్ చల్లారేసరికి ఏడు కలిపాడు పాపం. పెంటమ్మ మెల్లగా లాగితే అయిదు ఊడొచ్చాయి. వైష్ణవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, కురుమూర్తి దాచుకోలేక పకపకా నవ్వేశాడు.

"నవ్వకు! నీకేమన్న వస్తదా ఏంది?" అని మొగుణ్ణి కసిరింది పెంటమ్మ. ఆయన నవ్వు టక్కున ఆగిపోయింది.

రంజిత్ చెమట తుడుచుకుని పక్కకు చూశాడు. ఆ కాసేపట్లోనే ఆమె జానెడు మేర కలిపేసింది. ఆ పోగుల్ని లాగి చూశాడు, భూతద్దం పెట్టి చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

"అమ్మా, మిషన్ చీరకు ఈ అతుకు గీత ఉండదా?"

"యాడికెల్లి ఉంటది సారూ? మిషన్‌కు వేళ్లుంటయా?"

అతను భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు. తర్వాత తిరిగొచ్చిన చీరలు తెప్పించుకుని, స్టిక్కర్లన్నీ తన చేత్తోనే పీకేశాడు. ఒప్పందం నిలిచిందని వైష్ణవి అక్కడే గంతులేసింది.

నెల తిరక్కుండా కంపెనీ నుంచి కొత్త కార్డులొచ్చాయి. చీర కొంగు దగ్గర కట్టేవి. వైష్ణవి గట్టిగా చదివింది: "ఈ గీత చేతితో పెట్టిన అతుకు. అతుకు పెట్టినవారు పెంటమ్మ. నేసినవారు కురుమూర్తి."

"నా పేరు కిందికి పోయిందేందే!" అన్నాడు కురుమూర్తి, మీసాల్లో నవ్వుతూనే.

పెంటమ్మ ఆ మాట వినిపించుకోలేదు. చేతి బూడిద కట్టుకున్న చీరకు తుడుచుకుని, "యాడుంది బిడ్డా నా పేరు?" అని అడిగింది. వైష్ణవి చూపించిన చోట వేలు పెట్టి ఒక్కో అక్షరమూ తడిమింది. ఇంకోసారి చదవమంది. మళ్లీ ఇంకోసారి.

"నూలు పడుగు అయిపోయిందే, అతుకు పెట్టాలె, రా!" అని మగ్గం దగ్గర్నుంచి కేకేశాడు కురుమూర్తి.

"జర ఆగరాదు! నా పేరు సదువుతుంటే నీకేం తొందర?"