నలభై ఎనిమిది గంటల లోపు

గురువారం పొద్దున తొమ్మిదింటికి తోంగ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆపిల్ పళ్ళ పెట్టె కూడా మోసుకొచ్చాడు. టైల్స్ ఫ్యాక్టరీలో పనివాళ్ళ హాజరు, జీతాలు చూసే ఆఫీసరతను. జీతంలో యాభై యువాన్లు ఎందుకు తగ్గాయని అడగబోతే తలైనా ఎత్తని మనిషి, ఇప్పుడు ఐసీయూ గుమ్మం ముందు చాప పరుచుకుని ఉన్న చున్‌యే దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"వదినా, కాస్త ఎంగిలి పడ్డారా? డబ్బు సంగతి మీరు మనసులో పెట్టుకోకండి. ఇవాళ్టిది కూడా కట్టేశాను. ఎంత ఖరీదైన మందైనా సరే, వెనకాడొద్దని డాక్టర్లకి చెప్పాను."

చున్‌యే తల వంచి కాళ్ళ మీద పడినంత పని చేసింది. కష్టంలో మంచి మాట ఎవరన్నా దేవుడిలాగే కనబడతారు. ఈ దేవుడు ఎంతసేపు ఉంటాడో ఆమెకి అప్పటికి తెలియదు.

ఆమె మొగుడు పాన్ ష్వేషెంగ్ కొలిమి దగ్గర కాలిన టైల్స్ దించి పేర్చే పని చేస్తాడు. ఆదివారం జ్వరం తగిలింది. నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. నెలంతా ఒక్క పూటైనా నాగా పెట్టని వాళ్ళకి ఫ్యాక్టరీ మూడొందల యువాన్లు పైన ఇస్తుంది. ఒక్క పూట మానితే ఆ మూడొందలూ పోతాయి. గేటు దగ్గర కాపలావాడు నుదుటి మీద యంత్రం పెట్టి జ్వరం చూస్తాడు కాబట్టి, అరగంట ముందే జ్వరం బిళ్ళలు రెండు మింగి వెళ్ళేవాడు. అతనొక్కడే కాదు, అక్కడ చాలామంది చేసే పనే అది. మంగళవారం మధ్యాహ్నం ఊపిరాడటం లేదని సూపర్‌వైజర్‌ని సెలవడిగాడు. "మనుషులు తక్కువున్నారు, సాయంత్రం దాకా ఓపిక పట్టు," అన్నాడు వాడు. మూడింటికల్లా టైల్స్ కట్ట మీదే బోర్లా పడ్డాడు. ఆస్పత్రిలో మొదటిసారి చూసిన డాక్టరు కాగితం మీద వేళ రాశారు. మూడూ ఇరవై.

ష్వేషెంగ్ అన్న, ఆమెకి బావగారు, గెన్‌ఫా పదింటికి ఊరినుంచి బస్సు దిగాడు. మరదలి చేతికి గంజి డబ్బా ఇచ్చి, తోంగ్ వైపు ఒక చూపు చూసి, ఆమెని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఆ మనిషి డబ్బెందుకు కడుతున్నాడో తెల్సా నీకు?"

"మంచితనం కొద్దీ..."

"మంచితనమా, మశానమా. పన్లో ఉండగా జబ్బుతో పడిపోయినోడు, డాక్టరు వేళ రాసిన దగ్గర్నుంచి నలభై ఎనిమిది గంటల్లోపు పోతేనే పన్లో పోయినట్టు లెక్కంట. అప్పుడు పది లక్షల యువాన్లొస్తాయి. పిల్లకి, మా అమ్మకి నెలనెలా ఇస్తారు. ఒక్క నిమిషం దాటి పోయినా చిల్లిగవ్వ రాదు. వాడికి బీమా కూడా కట్టలేదంట, మొత్తం ఫ్యాక్టరీ జేబులోంచే ఇవ్వాలి. అందుకే వాణ్ణి ఇవాళ మూడూ ఇరవై దాటించడానికి పళ్ళు మోసుకొస్తున్నాడు."

రెండు రోజులుగా ఆ తలుపు వంక చూస్తూ ఆమె ఏం కోరుకుంటోందో, తోంగూ అదే కోరుకుంటున్నాడు.

"మరి మీరేమంటారు బావగారూ?"

గెన్‌ఫా జేబులోంచి ఒక కాగితం తీశాడు. వైద్యం వద్దని రాసిచ్చే కాగితం. వస్తూనే లోపల నర్సుని అడిగి తెచ్చాడు.

"వాణ్ణి నేనెత్తుకు పెంచాను. నన్ను పాపాత్ముణ్ణనుకో, పర్లేదు. పిల్ల పై ఏడు కాలేజీకెళ్ళాలి. వాడెలాగూ దక్కడంటే, ఊరికే పోవడమెందుకు? పెళ్ళానివి నువ్వు. నీ సంతకమే కావాలంటున్నారు."

పన్నెండింటికి డాక్టరమ్మ యూ బయటికొచ్చింది. నలభై దాటిన మనిషి, నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో పట్టిన జబ్బు రక్తంలోకి పాకిందని చెప్పింది. ఊపిరి యంత్రం పోస్తోంది. మూత్రపిండాలు నిన్న పని మానేశాయి. రాత్రి కాలేయం దెబ్బతింది. గుండె మందు బలంతో నడుస్తోంది.

"జబ్బు ఊపిరితిత్తులకి కదమ్మా. మిగతావన్నీ ఎందుకు పడిపోవాలి?" అనడిగింది చున్‌యే.

"ఒకటి పడితే దాని బరువు ఇంకోదాని మీద పడుతుంది. అదీ అప్పటికే నీరసించి ఉంటుంది. అలా వరసగా పోతాయి."

చున్‌యేకి అర్థమైంది. కొలిమి దగ్గర ఒకడు రాకపోతే వాడి పని పక్కవాడు చేస్తాడు. వాడూ పడితే ఆ పక్కవాడు. ఎవరు పడినా కొలిమి ఆగదు.

"బతుకుతారా?"

"ఇంత దూరం వచ్చినవాళ్ళు పదిమందిలో ఒకరు బతుకుతారు. ఇద్దరని అబద్ధం చెప్పలేను."

"ఆపేస్తే?"

డాక్టరమ్మ ఆమె చేతిలో కాగితం చూసింది. "పావుగంట పట్టొచ్చు. ఏటా ఇద్దరు ముగ్గురు ఇదే అడుగుతారు. మీరు సంతకం పెడితే ఆపుతాను. వేళ మాత్రం మార్చి రాయను. అటు వాళ్ళ కోసమూ రాయను, ఇటు మీ కోసమూ రాయను."

రెండున్నరకి చూడటానికి లోపలికి వదిలారు. ఒక్కరినే, అరగంట.

మనిషి ఉబ్బిపోయి ఉన్నాడు. కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. గొట్టం లాక్కోకుండా రెండు చేతులూ మంచానికి గుడ్డతో కట్టారు. గోళ్ళ అంచుల్లో టైల్స్ పొడి ఇంకా వదల్లేదు. చున్‌యే ఆ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు అని అడుగుదామని నోటిదాకా వచ్చింది.

అడగలేదు. ఏం చెప్తాడో ఆమెకి తెలుసు. మూడొందల కోసం జ్వరాన్ని బిళ్ళలతో మింగేసిన మనిషి పది లక్షలకి వద్దంటాడా? పిచ్చిదానా, తీసుకో అంటాడు. పిల్ల కాలేజీ అంటాడు, అమ్మ మందులు అంటాడు. ఇరవై ఏళ్ళుగా తన ప్రాణం తనే చవకగా అమ్ముకుంటూ వచ్చాడు. బేరం చెయ్యడం కూడా చేతకాలేదు. ఆమెకి అతని మీద కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఏడుపూ వచ్చింది.

"నిన్ను అడగను. ఈసారి నీ మాట చెల్లదు," అంది చెవి దగ్గరగా వంగి.

మూడింటికి బయటికొచ్చి కాగితం డాక్టరమ్మకి ఇచ్చేసింది. సంతకం లేదు.

"ఆపొద్దు."

గెన్‌ఫా ముందుకొచ్చాడు. "పదిమందిలో ఒకడే అందిగా! రేపు పిల్ల నిన్ను అడిగితే ఏం చెప్తావే?"

"మీ నాన్నకి వెల కట్టమన్నారు, నాకు చేతకాలేదని చెప్తా."

"చేతకాని మాటలు తిండి పెట్టవు," అని అతను దూరంగా పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మూడూ ఇరవై అయింది. ఐసీయూ తలుపు తెరుచుకోలేదు. ఇంకో అయిదు నిమిషాలు చూసి తోంగ్ ఫోను జేబులో పెట్టుకుని, సంచిలోంచి ఒక కాగితం తీసుకుని వచ్చాడు. ఈసారి గొంతుక్కూర్చోలేదు.

"ఇక్కడో సంతకం పెట్టండి. ఫ్యాక్టరీ జాలి కొద్దీ రెండు రోజుల ఖర్చు భరించిందనీ, ఇకపైన ఏ బాధ్యతా లేదనీ."

"రేపటిది కట్టరా?"

"కంపెనీకి పద్ధతులుంటాయి కదా."

"వదినా అన్లేదేం?"

తోంగ్ కాగితం ఇంకాస్త ముందుకు చాపాడు. "పెట్టెయ్యండి. గొడవ పడితే మీకే నష్టం."

చున్‌యే కాగితం అందుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పెట్టను."

"ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఆలోచించుకున్నా. సెలవడిగితే ఇవ్వనిది మీరు. ఆ మాట రాసున్న కాగితం తెస్తే దానిమీద పెడతా. దీనిమీద పెట్టను."

తోంగ్ కాగితం మడిచి లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు. రేపటి మందుల డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలో చున్‌యేకి తెలియదు. ఎల్లుండిది అసలే తెలియదు.

గెన్‌ఫా గోడ దగ్గర్నుంచి వచ్చి, చాప మీద ఆమెకి కాస్త ఎడంగా కూలబడ్డాడు. తలుపు వంక చూశాడు. పొద్దుట్నుంచి తమ్ముడు ఎప్పుడు పోతాడా అని గంటలు లెక్కపెట్టిన మనిషి అతను.

"ఇంక వాడు చావకూడదు," అన్నాడు. "బతకాలి చున్‌యే. వాడు బతకాలి."